స్ట్రోక్ తర్వాత చెయ్యి మళ్లీ పనిచేస్తుందా? టీఎంఎస్ పరీక్ష చెప్పేదెంత, చెప్పలేనిదెంత

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 66 ఏళ్లు, స్ట్రోక్ వచ్చి ఐదు రోజులైంది. ఎడమ కాలు కాస్త కదుపుతున్నారు, ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా పడిపోయింది. తల మీద అయస్కాంతం పెట్టి చేసే టీఎంఎస్ పరీక్షతో చెయ్యి వస్తుందో రాదో ఒక అంచనా దొరుకుతుందని డాక్టర్ అన్నారు. అది ప్రమాదమా, దాని మాట ఎంతవరకు నమ్మొచ్చు, ఫలితం బాగా రాకపోతే ఇక ఫిజియో దండగేనా అని మీ టెన్షన్. స్ట్రోక్ వచ్చినవాళ్లతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టుగా నాకు తెలిసింది చెబుతాను. నాన్నగారిని నేను చూడలేదు, కాబట్టి ఆయన విషయంలో తుది నిర్ణయం ఆయన్ని చూస్తున్న డాక్టర్లదే.

ముందు మీ చివరి ప్రశ్న. ఫిజియో మానే ప్రసక్తే లేదు. ఫలితం ఎలా వచ్చినా ఫిజియో సాగుతుంది. అందులో దేనికి ఎక్కువ సమయం పెట్టాలన్నదే మారుతుంది. ఆ సంగతి కింద వివరంగా రాస్తాను.

చెయ్యి కదలాలంటే మెదడు పైపొర నుంచి ఆజ్ఞ బయల్దేరి, లోపలికి దిగి, మెదడు కాండం అడుగున రెండో వైపుకు దాటి, వెన్నుపాములోకి వచ్చి, అక్కడి నుంచి కండరానికి చేరాలి. వెన్నుపాము దాకా వచ్చే ఈ దారి పేరు కార్టికోస్పైనల్ ట్రాక్ట్. ఒక్కో వైపు సుమారు పది లక్షల నరాల పోగులుంటాయి. పైన విశాలంగా పరుచుకున్న ఈ పోగులన్నీ మెదడు లోతులో ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు చోట దగ్గరికొస్తాయి. అక్కడ తగిలిన చిన్న దెబ్బకు చెయ్యి మొత్తం పడిపోవచ్చు. మరోచోట పెద్ద దెబ్బ తగిలినా చెయ్యి చాలావరకు నిలవొచ్చు. అందుకే స్కాన్ ఫిల్మ్‌లో మచ్చ సైజు చూసి భయపడటమూ, ధైర్యం తెచ్చుకోవడమూ రెండూ తొందరపాటే.

టీఎంఎస్ ఈ దారిని అడిగే ప్రశ్న ఒక్కటే: పైన పుట్టించిన సంకేతం కిందికి చేరుతోందా? బయట బెల్ నొక్కి లోపల మోగిందో లేదో వినడం లాంటిదే. బెల్ మోగితే వైరు బాగున్నట్టే. మోగకపోతే వైరు తెగిందా, నొక్కింది సరిపోలేదా, కరెంటు తక్కువగా ఉందా అనే అనుమానాలు మిగులుతాయి. ఈ తేడా గుర్తుంచుకుంటే ఫలితాన్ని అర్థం చేసుకోవడం తేలిక.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1980లో మెర్టన్, మోర్టన్ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు తల మీది నుంచే కరెంటు పంపి చెయ్యి కండరాలను కదిలించారు. పనిచేసింది, కానీ బాగా నొప్పి పుట్టేది. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం కరెంటుకు బదులు అయస్కాంత క్షేత్రాన్ని వాడింది. తీగచుట్టలో కరెంటు ఒక్కసారిగా మారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు పక్కనున్న కణజాలంలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. పుర్రె ఎముక దీనికి పెద్దగా అడ్డం కాదు. అందుకే నొప్పి లేకుండా మెదడును తట్టే వీలు దొరికింది.

పరీక్ష చేసేటప్పుడు నాన్నగారి చేతి మీద, ముంజేతి మీద అంటించే ఎలక్ట్రోడ్లు పెడతారు. సూదులు ఉండవు. ఎనిమిది అంకెలా రెండు చుట్టలున్న కాయిల్‌ను తల మీద ఆనిస్తారు. ప్రతి పల్స్‌కూ టక్కుమని గట్టి శబ్దం వస్తుంది కాబట్టి చెవుల్లో ప్లగ్స్ పెడతారు. తల మీద చిన్నగా కొట్టినట్టుంటుంది. పల్స్ తీవ్రత పెంచినప్పుడు నుదురో దవడో ఒక్కసారి అదరొచ్చు. నేనైతే ముందు బాగున్న చేతి వైపు చేసి చూపించమంటాను. ఏం జరుగుతుందో తెలిశాక రోగికి భయం తగ్గుతుంది. సంకేతం చేరితే కండరం చిన్నగా అదురుతుంది, స్క్రీన్ మీద ఒక అల కనిపిస్తుంది. దాన్నే ఎంఈపీ అంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పల్స్ ఇచ్చిన సుమారు 20 మిల్లీసెకన్లకు చేతి కండరంలో అది కనిపిస్తుంది. స్ట్రోక్ వైపు ఆలస్యంగా, చిన్నగా రావొచ్చు. ఎంత చిన్నదైనా సరే, పల్స్ ఇచ్చిన ప్రతిసారీ దాదాపు అదే సమయానికి వస్తుంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు చాలామంది దాటవేసే అసలు విషయం. ఈ పరీక్ష స్ట్రోక్ వచ్చిన ప్రతి ఒక్కరికీ అక్కర్లేదు. మంచం దగ్గర నిలబడి, ఏ యంత్రమూ లేకుండా చూసే రెండు కదలికలు ముందు చూడాలి. ఒకటి, చెయ్యిని భుజం నుంచి పక్కకు ఎత్తగలరా? రెండు, మూసిన వేళ్లను చాపగలరా? ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కులు. రెండూ కలిపితే సేఫ్ స్కోర్, గరిష్ఠం 10. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, తొలి రోజుల్లోనే ఈ రెండు కదలికలూ కొంతైనా ఉన్నవాళ్లలో ఆరు నెలలకు చేతి పనితనం కొంతమేరకైనా తిరిగొచ్చే అవకాశం 98 శాతమని తేలింది. రెండూ లేనివాళ్లకు అది 25 శాతమే. ఇంత సమాచారం రెండు నిమిషాల్లో ఉచితంగా దొరుకుతుంటే ముందే యంత్రం దగ్గరికి పరుగెత్తడం నాకు నచ్చదు.

వేళ్లు ముడవడం కాకుండా చాపడమే ఎందుకు చూస్తారంటే, చేతిని ముడిచే కండరాలను నడపడానికి మెదడు కాండం నుంచి వచ్చే వేరే దారులు కూడా ఉన్నాయి. వేళ్లను విడివిడిగా చాపే పనికి ముఖ్యంగా కార్టికోస్పైనల్ ట్రాక్ట్ మీదే ఆధారపడాలి. "నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు" అని ఇంట్లోవాళ్లు సంతోషంగా చెబుతుంటారు. ఆ పట్టు కొన్నిసార్లు నిజమైన కదలికే, కొన్నిసార్లు కండరం బిగుసుకోవడం వల్లో, అరచేతిలో ఏదైనా తగిలితే వేళ్లు ముడుచుకునే ప్రతిచర్య వల్లో వస్తుంది. తేల్చుకోవాలంటే వదలమని అడగండి. అలాగే కొందరికి ఆవులించినప్పుడు పడిపోయిన చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. చూసినవాళ్లు ఉలిక్కిపడతారు. అది చెయ్యి బాగుపడిందనడానికి గుర్తు కాదు, ఇచ్ఛతో సంబంధం లేని వేరే దారి చేసే పని.

ఈ మెట్లన్నిటినీ ఒక క్రమంలో పెట్టింది న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో కేథీ స్టినియర్, విన్‌స్టన్ బైబ్లో, వాళ్ల సహచరులు. 2012లో ప్రెప్ అనే పద్ధతిని ప్రచురించారు, 2017లో దాన్ని సరళం చేసి ప్రెప్2 అన్నారు. మీ డాక్టర్ చెప్పింది బహుశా దీని గురించే. పద్ధతి ఇలా ఉంటుంది. స్ట్రోక్ వచ్చిన మూడో రోజుకు సేఫ్ స్కోర్ 5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే టీఎంఎస్ అవసరమే లేదు. 80 ఏళ్లలోపు వాళ్లకు మూడు నెలలకల్లా చెయ్యి చాలా బాగా వస్తుందని అంచనా. 80 దాటినవాళ్లకు స్కోర్ 8 లేదా పైన ఉంటేనే ఆ మాట, లేకపోతే "బాగా వస్తుంది" అనే రెండో తరగతి. స్కోర్ 5 కన్నా తక్కువుంటే అప్పుడు, 3 నుంచి 7 రోజుల మధ్య, టీఎంఎస్ చేస్తారు. ఎంఈపీ వచ్చిందా, వయసెంతైనా అంచనా "బాగా వస్తుంది". రాలేదా, అప్పుడు స్ట్రోక్ మొత్తం తీవ్రతను కొలిచే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోర్ చూస్తారు. అది 7 కన్నా తక్కువైతే చెయ్యి పరిమితంగా వస్తుందని, 7 లేదా పైన ఉంటే ఉపయోగపడే కదలిక వచ్చే అవకాశం తక్కువని అంచనా.

2012 నాటి పద్ధతిలో ఆఖరి మెట్టు ఎంఆర్ఐ. నరాల దారి ఎంత దెబ్బతిందో ప్రత్యేకమైన స్కాన్‌తో కొలిచేవాళ్లు. 2017లో లెక్కలు మళ్లీ చూస్తే, మంచం పక్కన నర్సు వేయగలిగే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోర్ కూడా అంతే బాగా పనిచేస్తోందని తేలి, ఎంఆర్ఐని తీసేశారు. ఖరీదైన మెట్టును వాళ్లే తీసేసుకోవడం నాకు ఈ పద్ధతి మీద గౌరవం పెంచిన విషయం.

మీరు చెప్పినదాన్ని బట్టి నాన్నగారి స్కోర్ 5 లోపే ఉండి ఉండాలి, రోజులు కూడా సరిగ్గా ఆ వ్యవధిలోనే ఉన్నాయి. అంటే ఈ పరీక్ష నిజంగా పనికొచ్చే కొద్దిమందిలో ఆయన ఒకరు. చెయ్యి అసలు కదలని ఇద్దరు రోగులు పక్కపక్క మంచాల మీద చూడటానికి ఒకేలా ఉంటారు. మూడు నెలలకు ఒకరు గ్లాసు పట్టుకుని తాగుతారు, మరొకరు పట్టుకోలేరు. ఐదో రోజున వాళ్లిద్దరినీ విడదీసి చూపగలగడమే టీఎంఎస్ గొప్ప. పైగా దీనికి రోగి సహకారం పెద్దగా అక్కర్లేదు. నాన్నగారిలా ఎడమ వైపు పడిపోయినవాళ్లలో కొందరికి ఆ వైపు మీద ధ్యాసే పోతుంది. చెయ్యి ఎత్తమంటే శక్తి లేక కాదు, ఆ చెయ్యి ఉందన్న స్పృహ లేక ఎత్తరు. కుడి వైపు పడిపోయినవాళ్లలో కొందరికి మాట అర్థం కాదు. ఇలాంటివాళ్లకు చేత్తో చేసే పరీక్ష తప్పు చెప్పొచ్చు, ఎంఈపీకి ఆ ఇబ్బంది లేదు.

ఎంతవరకు నమ్మొచ్చంటే, ప్రెప్2 అంచనా మూడు నెలలకు సుమారు 75 శాతం మందిలో సరిపోయింది. రెండేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు సుమారు 80 శాతం మందిలో అదే తరగతి నిలిచింది. తిప్పి చూస్తే నలుగురిలో ఒకరికి అంచనా తప్పుతుంది. సమయం తప్పితే నమ్మకం ఇంకా తగ్గుతుంది. డెన్మార్క్‌లో ఇదే పద్ధతిని స్ట్రోక్ వచ్చిన రెండు వారాలకు వాడి చూస్తే సుమారు 60 శాతమే సరిపోయింది. అందుకే "వచ్చే నెల ఖాళీగా ఉన్నప్పుడు చేయిద్దాం" అంటే కుదరదు. ఈ వారంలో చేస్తేనే ఆ అంకెలు వర్తిస్తాయి.

ఇంకో సంగతి, ఆ తరగతులు చేతి పనితనాన్ని కొలిచే 57 మార్కుల పరీక్ష మీద ఆధారపడినవి. వస్తువులు పట్టుకోవడం, ఎత్తడం, వేళ్ల కొసలతో చిన్నవి తీయడం, చెయ్యి తల దాకా తీసుకెళ్లడం లాంటి పనులు అందులో ఉంటాయి. "బాగా వస్తుంది" అంటే రోజువారీ పనుల్లో చాలావాటికి ఆ చెయ్యి వాడగలరని అర్థం. కొంత నెమ్మది, కొంత బలహీనత మిగలొచ్చు. పూర్వంలా అవుతుందని మాత్రం కాదు. ఇంట్లోవాళ్లు ఈ మాటను ఎక్కువ చేసి వింటారు, తర్వాత నిరాశపడతారు. స్పర్శ సంగతి కూడా ఇందులో లేదు. చెయ్యి కదిలినా పట్టుకున్నది తెలియకపోతే వస్తువులు జారిపోతుంటాయి, దానికి వేరే సాధన కావాలి.

ఎంఈపీ రాకపోతే ఏమనుకోవాలి? ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. వచ్చింది అన్న ఫలితానికున్నంత బలం రాలేదు అన్న ఫలితానికి లేదు. రాకపోవడానికి దారి తెగిపోవడమే కారణం కానక్కర్లేదు. మెదడు వాపు ఇంకా ఉండొచ్చు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ లాంటి మందులు మెదడు స్పందించే హద్దును పెంచుతాయి. కాయిల్ సరైన చోట పెట్టకపోయి ఉండొచ్చు. యంత్రాన్ని పూర్తి తీవ్రత దాకా తీసుకెళ్లకుండానే ఆపి ఉండొచ్చు. రోగి ఊరికే పడుకున్నప్పుడు రాని ఎంఈపీ, రెండు చేతులతో దేన్నైనా గట్టిగా నొక్కే ప్రయత్నం చేస్తున్నప్పుడు రావొచ్చు. కదలిక రాకపోయినా పర్లేదు, ప్రయత్నం చాలు. ఈ చివరిది చేయకుండా "నెగెటివ్" అని రాసిన రిపోర్టును నేను పక్కన పెట్టి, మళ్లీ చేయమంటాను.

అన్నీ సరిగ్గా చేసినా రాకపోతే మాత్రం ఆ ఫలితాన్ని గౌరవించాలి. అప్పుడు కూడా ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోర్‌ను బట్టి రెండు దారులున్నాయని పైన చూశారు. పరిమితంగా వస్తుందనుకున్నవాళ్లకు చేతి కదలిక, బలం మీద పని చేస్తూనే, ఆ చెయ్యి సాయం చేసే చెయ్యిగా ఎలా పనికొస్తుందో నేర్పుతాం. కాగితాన్ని అదిమి పట్టడం, సీసాను ఒడిలో ఆనించి పట్టుకోవడం లాంటివి. అవకాశం తక్కువన్నవాళ్లకు ఒంటిచేత్తో బట్టలు వేసుకోవడం, తినడం, స్నానం మొదటి వారాల నుంచే నేర్పుతాం. భుజం జారకుండా, నొప్పి పట్టకుండా, వేళ్లు బిగుసుకుపోకుండా కాపాడటం వీళ్లకు చాలా ముఖ్యం. చెయ్యి పట్టి లాగి లేపవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి, పడిపోయిన భుజానికి దాన్ని మించిన హాని లేదు. ఇదంతా ఫిజియోనే, ఆశ వదులుకోవడం కాదు. నెలల తరబడి రాని వేళ్ల కదలిక కోసమే సమయమంతా పెట్టి, లేచి నిలబడటం, ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లడం వెనకబడిపోయిన ఇళ్లు నేను చూశాను.

ముందే చెప్పేస్తే రోగి డీలా పడిపోతాడేమో అనేది సహజమైన భయం. ఆక్లండ్ బృందం 2017లో దీన్ని కూడా పరిశీలించింది. అంచనాను రోగికి, థెరపిస్టులకు ముందే చెప్పిన గుంపులో చికిత్స ఆ లక్ష్యానికి తగ్గట్టు మారింది, ఆసుపత్రిలో ఉండే కాలం సుమారు వారం తగ్గింది, చేతి ఫలితాలు మాత్రం ఏమీ దిగజారలేదు. నాకు తోచినంతవరకు, రోగిని ఎక్కువ కుంగదీసేది చెడు వార్త కాదు, అందరూ తలోమాట చెప్పడం. ఒకే మనిషి, కుటుంబం ముందు, ఒకేసారి చెప్పాలి.

ప్రమాదం విషయానికొస్తే, ఇలా విడి పల్స్‌లతో చేసే టీఎంఎస్‌లో ఫిట్స్ రావడం చాలా అరుదు. అయినా కొన్ని ముందే చెప్పి తీరాలి. గుండెకు పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్, తలలో ఇంకే లోహపు ముక్క ఉన్నా, ఇదివరకు ఫిట్స్ వచ్చినా, వాపు వల్ల పుర్రె ఎముక కొంత తీసి ఉన్నా డాక్టర్‌కు తెలియాలి. వీటిలో కొన్నిటికి పరీక్ష అసలు చేయరు.

కాలి గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను, ఎందుకంటే కొందరు దానికీ ఇదే పరీక్ష చేయిస్తామంటారు. నడక వస్తుందా అన్నది చెప్పడంలో టీఎంఎస్ అదనంగా ఉపయోగపడలేదు. అదే ఆక్లండ్ బృందం దీన్నీ చూసింది. స్ట్రోక్ వచ్చిన వారం తర్వాత రోగి నడుము నిలిపి కూర్చోగలగడం, మంచం మీద పక్కకు తిరగగలగడం, తుంటి బలం, ఇవే నడక గురించి మంచి ఆధారాలు ఇచ్చాయి. రెండు కాళ్లకూ మెదడు రెండు వైపుల నుంచీ సాయం అందుతుంది, పైగా నడకలో వెన్నుపాము సొంతంగా చేసే పని చాలా ఉంది. నాన్నగారు ఇప్పటికే కాలు కదుపుతున్నారు కాబట్టి ఆ విషయంలో కూర్చునే సాధన మీద దృష్టి పెట్టండి. మాట, మింగడం, జ్ఞాపకం గురించి కూడా ఈ చేతి పరీక్ష ఏమీ చెప్పదు.

ఇదే యంత్రంతో చెయ్యి బాగుచేస్తామని ఎవరైనా అంటే అది వేరే సంగతి. అక్కడ పల్స్‌లను వరసగా, వందల సంఖ్యలో, రోజుల తరబడి ఇస్తారు. దాన్ని ఆర్‌టీఎంఎస్ అంటారు. అమెరికాలో పలు ఆసుపత్రుల్లో 199 మంది మీద జరిగి 2018లో వెలువడిన నిచే ట్రయల్‌లో, నిజమైన పల్స్‌లు ఇచ్చిన గుంపులోనూ ఉత్తుత్తి పల్స్‌లు ఇచ్చిన గుంపులోనూ మూడింట రెండు వంతుల మంది మెరుగయ్యారు. రెండిటికీ తేడా లేదు. వాళ్లందరికీ ఫిజియో మాత్రం బాగా చేయించారు. కొన్ని చిన్న అధ్యయనాలు అనుకూలంగా ఉన్నా, డబ్బు కట్టి వరస సెషన్లు తీసుకునే ముందు ఈ ఫలితం గుర్తుంచుకోండి. అంచనా కోసం ఒక్కసారి చేసే పరీక్ష వేరు, ఈ చికిత్స వేరు. ఒకదాని పేరు చెప్పి రెండోది అంటగట్టనివ్వకండి.

టీఎంఎస్‌తో పాటు ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) కూడా తీసి, పల్స్‌కు మెదడే ఎలా స్పందించిందో చూసే పద్ధతి మీద జర్మనీలోని కోల్న్‌లో పని జరుగుతోంది. 2020లో వెలువడిన వాళ్ల ఫలితాలు ఆసక్తికరమే. కండరం దాకా సంకేతం రానివాళ్లలో కూడా తేడాలు పట్టే అవకాశం అందులో ఉంది. కానీ రోగుల సంఖ్య చిన్నది, మీ నిర్ణయానికి ఇప్పుడు అది పనికిరాదు.

కాబట్టి చేయించండి, ఈ వారంలోనే. అయ్యాక రిపోర్టులో ఈ వివరాలు అడిగి రాయించుకోండి: ఆ రోజు సేఫ్ స్కోర్ ఎంత, ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ ఎంత, ఏ కండరాల్లో చూశారు, యంత్రాన్ని ఎంత శాతం దాకా తీసుకెళ్లారు, రోగి ప్రయత్నిస్తుండగా కూడా చూశారా, అప్పుడు ఏ మందులు వాడుతున్నారు. ఈ వివరాలు ఉంటే తర్వాత చూసే ఏ ఫిజియో అయినా ఆ ఫలితాన్ని సరిగ్గా చదవగలరు. వీటిలో ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే పెట్టండి, పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి.